జార్జియో మొరోడర్
జార్జియో మొరోడర్ (జననం: 1940 ఏప్రిల్ 26) ఇటలీ దేశానికి చెందిన సంగీత నిర్మాత, స్వరకర్త. సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాన్ని ప్రయోగశాలల నుండి నృత్యశాలలకు, అక్కడి నుండి చలనచిత్రాలకు చేర్చిన వారిలో ఈయన ముఖ్యుడు. 1977లో గాయని డోనా సమ్మర్ కోసం ఈయన రూపొందించిన "ఐ ఫీల్ లవ్" పాట తరువాతి కాలపు ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి పునాదిగా పరిగణింపబడుతున్నది. చలనచిత్ర సంగీతానికి మూడు ఆస్కార్ పురస్కారాలు పొందాడు.

పాశ్చాత్య సంగీత రంగంలో నిర్మాత అంటే సినిమా నిర్మాత వలె కేవలం పెట్టుబడి పెట్టే వ్యక్తి కాదు. పాటను ఎంచుకోవడం, వాద్యకారులను సమకూర్చడం, ధ్వనిముద్రణను నడిపించడం, చివరకు పాట ఎలా వినిపించాలో నిర్ణయించడం అతని బాధ్యత. మొరోడర్ వీటితో పాటు స్వర రచన కూడా చేశాడు.

బాల్యం, తొలి జీవితం
మొరోడర్ ఉత్తర ఇటలీలోని దక్షిణ టైరోల్ ప్రాంతంలో, ఆల్ప్స్ పర్వతాల నడుమనున్న ఓర్తిజేయి అనే పట్టణంలో జన్మించాడు. అక్కడ లాడిన్, జర్మన్, ఇటాలియన్ మూడు భాషలూ వ్యవహారంలో ఉన్నాయి. యౌవనంలో గిటార్ నేర్చుకొని, కొన్నేళ్లపాటు ఐరోపాలోని పలు నగరాలలో వాద్యబృందాలతో కలిసి ప్రదర్శనలిచ్చాడు. 1960లలో బెర్లిన్‌లో కొంతకాలం ఉండి పాటలు కట్టడం ప్రారంభించాడు. ఆ దశాబ్దం చివరలో మ్యూనిక్ నగరానికి మకాం మార్చాడు. 1969లో వెలువడిన "లుకీ లుకీ" గాయకునిగా ఆయనకు తొలి విజయాన్నిచ్చింది.

మూగ్ సింథసైజర్‌తో పరిచయం
ఆ రోజులలో మూగ్ సింథసైజర్ గోడంత పరిమాణంలో, ఎన్నో తీగలు, మీటలతో ఉండేది. ధర కూడా సామాన్యులకు అందుబాటులో ఉండేది కాదు. మ్యూనిక్‌లో స్వరకర్త ఎబర్‌హార్డ్ షోనర్ వద్ద అటువంటి యంత్రమొకటి ఉండేది. దానిని మొరోడర్ తన ధ్వనిముద్రణలలో వాడుకున్నాడు. ఈయన స్వరపరచిన "సన్ ఆఫ్ మై ఫాదర్" పాటను చికరీ టిప్ అనే బ్రిటిష్ బృందం పాడగా, 1972లో అది బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి చేరింది. మూగ్ ధ్వని ప్రముఖంగా వినిపించే పాట ఆ దేశంలో ప్రథమ స్థానం పొందడం అదే మొదటిసారి.

మ్యూనిక్‌లో ఒక బహుళ అంతస్తుల భవనపు నేలమాళిగలో మ్యూజిక్‌ల్యాండ్ అనే స్టూడియోను మొరోడర్ నెలకొల్పాడు. లెడ్ జెప్పెలిన్, క్వీన్ వంటి ప్రసిద్ధ బృందాలు కూడా తరువాత అక్కడ ధ్వనిముద్రణ చేసుకున్నాయి.

డోనా సమ్మర్‌తో కృషి
అమెరికాకు చెందిన డోనా సమ్మర్ (1948–2012) "హెయిర్" అనే సంగీత నాటకంలో నటించడానికి 1968లో మ్యూనిక్ వచ్చి అక్కడే స్థిరపడింది. మొరోడర్, ఆయన సహచరుడైన ఆంగ్ల గీతరచయిత పీట్ బెలాట్ ఆమెతో కలిసి పనిచేయసాగారు. 1975లో వెలువడిన "లవ్ టు లవ్ యు బేబీ" పాటను అమెరికాలోని కాసబ్లాంకా రికార్డ్స్ అధిపతి నీల్ బోగార్ట్ విని, దానిని బాగా పొడిగించమని కోరాడు. ఆ విధంగా తయారైన సుమారు 17 నిమిషాల రూపం గ్రామఫోను రికార్డులో ఒక వైపంతా ఆక్రమించింది. నృత్యశాలల కోసం ప్రత్యేకంగా దీర్ఘమైన పాటలు తయారుచేసే పద్ధతి బలపడడానికి ఇది తోడ్పడింది. ఈ పాట అమెరికాలో రెండవ స్థానానికి చేరింది.

"ఐ ఫీల్ లవ్" నిర్మాణం
1977 నాటి "ఐ రిమెంబర్ యెస్టర్‌డే" ఆల్బమ్‌లో పాటలు గడచిన దశాబ్దాల శైలులను గుర్తుచేస్తాయి. చివరి పాట మాత్రం భవిష్యత్తును సూచించాలని నిర్మాతలు భావించారు. అందుకోసం మామూలు వాద్యబృందాన్ని పక్కనపెట్టి, దాదాపు అంతా మూగ్ సింథసైజర్‌తోనే రూపొందించారు.

ఈ పని అనుకున్నంత సులభం కాలేదు. ఆనాటి మూగ్ యంత్రం ఒకసారికి ఒక స్వరాన్ని మాత్రమే పలికించగలదు. కాబట్టి పలు స్వరాలు కలిసి వినిపించవలసిన చోట ఒక్కొక్క స్వరాన్ని విడిగా ముద్రించి, ఒకదానిపై ఒకటి చేర్చవలసి వచ్చింది. పైగా యంత్రం వేడెక్కిన కొద్దీ, వాయిస్తుండగానే తంబురా శ్రుతి జారినట్లు, దాని శ్రుతి మారిపోయేది. అందువలన కొన్ని క్షణాలపాటు ముద్రించడం, ఆపి శ్రుతి సరిచేయడం, మరల ముద్రించడం జరిగేది.

ముద్రణలన్నీ ఒకే లయలో కలిసేందుకు సాంకేతిక నిపుణుడు రాబీ వెడెల్ ఒక ఉపాయం చేశాడు. టేపు మీద ఒక వరుసలో లయ సంకేతాన్ని ముందుగా ముద్రించి, తక్కిన వరుసలలో యంత్రం ఆ సంకేతాన్ని అనుసరించేటట్లు అమర్చాడు. తాళపు చిటపట శబ్దాలను కూడా యంత్రపు ధ్వని నుండే తయారుచేశారు. అయితే పెద్ద డ్రమ్ము దెబ్బకు తగిన బలం యంత్రంలో రాకపోవడంతో దానిని కీత్ ఫోర్సీ స్వయంగా వాయించాడు. కింది స్థాయి స్వరాల వరుసను ఒక చెవికి యథాతథంగా, రెండవ చెవికి స్వల్ప ఆలస్యంతో వినిపించడం వలన లయ రెట్టింపు వేగంతో సాగుతున్నట్లు తోస్తుంది.

యంత్రసంగీతంలో జీవం ఉండదన్న ఆక్షేపణ ఆనాడు బలంగా ఉండేది. ఈ పాటలో మార్పులేని యంత్రపు లయ మీద తేలియాడే సమ్మర్ గాత్రం ఆ ఆక్షేపణకు సమాధానంగా నిలిచింది. లయ ఎంత నిర్దాక్షిణ్యంగా సాగితే గాత్రంలోని మార్దవం అంతగా స్ఫుటమైంది. యంత్రం మనిషిని తొలగించలేదు, మనిషి గొంతుకు కొత్త నేపథ్యాన్ని కల్పించింది. ఈ ఘనత మొరోడర్ ఒక్కడిదే కాదు. సమ్మర్, బెలాట్, వెడెల్, ఫోర్సీల సమష్టి కృషి లేనిదే ఆ పాట లేదు.

"ఐ ఫీల్ లవ్" బ్రిటన్‌లో నాలుగు వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. అమెరికాలో ఆరవ స్థానం పొందింది. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ పాటను భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది.

డిస్కోపై వ్యతిరేకత
1979లో "హాట్ స్టఫ్", "బ్యాడ్ గర్ల్స్" పాటలతో సమ్మర్, మొరోడర్‌లు విజయ శిఖరాన ఉన్నారు. అదే సంవత్సరం జూలై 12న చికాగోలోని బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను గుట్టగా పోసి పేల్చివేశారు. జనం మైదానంలోకి చొరబడడంతో ఆనాటి రెండవ ఆట రద్దయింది. డిస్కోను ఆదరించిన వారిలో నల్లజాతీయులు, స్వలింగ సంపర్కులు అధికంగా ఉండడం కూడా ఈ ద్వేషానికి కారణమని అనేకులు విశ్లేషించారు. కొంతకాలానికే డిస్కో వెనుకబడింది. మొరోడర్ మాత్రం ఒకే శైలిని పట్టుకొని వ్రేలాడక చలనచిత్ర సంగీతం వైపు మళ్లాడు.

చలనచిత్ర సంగీతం
దర్శకుడు అలన్ పార్కర్ తన "మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్" (1978) చిత్రంలోని తరుముకొనే సన్నివేశానికి "ఐ ఫీల్ లవ్" వంటి సంగీతం కావాలని కోరాడు. అలా రూపొందిన "చేజ్" అనే రచన ప్రసిద్ధమైంది. ఆ చిత్ర సంగీతానికి మొరోడర్ తొలి ఆస్కార్ అందుకున్నాడు. తంత్రీవాద్యాల వాద్యబృందమే చలనచిత్ర సంగీతానికి ఆధారమన్న అభిప్రాయాన్ని ఈ విజయం సడలించింది. ఈయన సంగీతం గల ముఖ్యమైన చిత్రాలు:
- అమెరికన్ జిగోలో (1980): బ్లాండీ బృందం పాడిన "కాల్ మీ" అమెరికాలో ఆరు వారాలు ప్రథమ స్థానంలో ఉంది.
- క్యాట్ పీపుల్ (1982): ఇందులోని ముఖ్య గీతాన్ని డేవిడ్ బౌయీ పాడాడు.
- ఫ్లాష్‌డాన్స్ (1983): ఐరీన్ కారా పాడిన ముఖ్య గీతానికి ఆస్కార్ లభించింది.
- స్కార్‌ఫేస్ (1983)
- టాప్ గన్ (1986): టామ్ విట్‌లాక్ రచించగా బెర్లిన్ బృందం పాడిన "టేక్ మై బ్రెత్ అవే" గీతానికి ఆస్కార్ లభించింది.

లాస్ ఏంజెలెస్ (1984), సియోల్ (1988) ఒలింపిక్ క్రీడలకు, ఇటలీలో జరిగిన 1990 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు కూడా ఈయన గీతాలు స్వరపరిచాడు.

మెట్రోపోలిస్ వివాదం
జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మూకీ చిత్రం "మెట్రోపోలిస్" (1927) ను మొరోడర్ 1984లో కొత్త రూపంలో విడుదల చేశాడు. దృశ్యాలకు రంగులద్ది, ఫ్రెడ్డీ మెర్క్యురీ తదితరులు పాడిన పాటలు చేర్చాడు. ప్రాచీన కళాఖండాన్ని చెడగొట్టాడని పలువురు విమర్శకులు నిరసించారు. చెత్త సినిమాలకిచ్చే రాజ్జీ పురస్కారాలకు దీని సంగీతం ప్రతిపాదింపబడింది. అయినప్పటికీ ఒక తరం ప్రేక్షకులు ఆ మహత్తర చిత్రాన్ని మొదటిసారి చూసినది ఈ రూపంలోనే. దీనిని అపచారంగా భావించేవారు, పునరుజ్జీవనంగా భావించేవారు నేటికీ ఉన్నారు.

విరామం, పునరాగమనం
1990లలో మొరోడర్ సంగీత రంగం నుండి చాలావరకు విరమించుకొని ఇతర అభిరుచులలో గడిపాడు. అంతకుముందే 16 సిలిండర్ల ఇంజనుతో సిజెటా-మొరోడర్ అనే కారు నిర్మాణంలో భాగస్వామిగా ఉన్నాడు. 2013లో డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి ద్వయం తమ "రాండమ్ యాక్సెస్ మెమరీస్" ఆల్బమ్‌లో "జార్జియో బై మొరోడర్" అనే పాటను చేర్చింది. సుమారు తొమ్మిది నిమిషాల ఈ రచనలో మొరోడర్ వాయించలేదు, పాడలేదు. తన జీవిత కథను తన మాటలలో చెప్పాడు, అంతే. దీనితో కొత్త తరం శ్రోతలు ఆయనను తెలుసుకున్నారు. డెబ్బై ఏళ్లు పైబడిన వయసులో డీజేగా ప్రదర్శనలు ప్రారంభించి, 2015లో "దేజా వూ" అనే ఆల్బమ్ వెలువరించాడు. 2019లో ఐరోపాలో వాద్యబృందంతో ప్రత్యక్ష కచేరీలు చేశాడు.

పురస్కారాలు
- ఆస్కార్ పురస్కారాలు: మూడు (మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్, ఫ్లాష్‌డాన్స్, టాప్ గన్)
- గోల్డెన్ గ్లోబ్ పురస్కారాలు: నాలుగు
- గ్రామీ పురస్కారాలు: నాలుగు. వీటిలో 1998లో డోనా సమ్మర్‌తో కలిసి చేసిన "క్యారీ ఆన్" పాటకు, 2014లో "రాండమ్ యాక్సెస్ మెమరీస్" ఆల్బమ్‌లో పాలుపంచుకున్నందుకు లభించినవి ఉన్నాయి.

ప్రభావం
1980లలో చికాగోలో పుట్టిన హౌస్, డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో సంగీతరీతులపై మొరోడర్ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. డిస్కో రికార్డులను పేల్చివేసిన చికాగో నగరంలోనే ఆ సంగీతం కొత్త పేరుతో మరల చిగురించడం గమనార్హం. నేడు కంప్యూటర్‌లో కొన్ని క్షణాలలో అమర్చుకోగల లయను 1977లో ఈయన బృందం టేపు ముక్కలతో, శ్రుతి నిలవని యంత్రంతో ఓపికగా సాధించింది.