కాకినాడ మీదికొచ్చిన విమానానికి ఏ ఆకాశం వేయాలి?

1942 ఏప్రిల్ 6, ఈస్టర్ మర్నాడు సోమవారం. బంగాళాఖాతంలోకి చొరబడ్డ జపాన్ నౌకాదళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ దళానికి నాయకుడు వైస్ అడ్మిరల్ ఒజావా. ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై దాకా సరుకు ఓడలు నీట మునిగాయి. విశాఖ జనం ఇళ్లకు తాళాలేసి పల్లెల దారి పట్టారు.

బాంబులు వేసింది నకజిమా బి5ఎన్ రకం విమానం. ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చునే పొడవాటి అద్దాల గది, పైన ముదురాకుపచ్చ, పొట్ట కింద లేత బూడిద రంగు, పక్కన ఎర్రటి సూర్యబింబం. ఈనాటి డిజిటల్ చిత్రకారులు ఇష్టంగా గీసే విమానాల్లో ఇదీ ఒకటి.

విమానాన్ని పక్క నుంచి చూసినట్టు, చాలావరకు ఎడమవైపు నుంచి, రంగులతో సహా గీసే ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఇంగ్లండులోని లెదర్‌హెడ్ నుంచి 1965లో మొదలైన ప్రొఫైల్ పబ్లికేషన్స్. ఒక్కో సన్నటి పుస్తకం ఒక్కో విమానానిది, నడిమి పేజీల్లో రంగుల బొమ్మలు. వెనక ఉత్త తెల్ల కాగితం. రంగు, గుర్తు, అంకె స్పష్టంగా కనబడాలన్నదే అక్కడ లెక్క. తర్వాత ఎయిర్‌బ్రష్ పోయి ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్ వచ్చినా ఆ తెల్లదనం చాలాకాలం నిలిచింది.

కానీ బి5ఎన్ దగ్గర తెలుపు మోసం చేస్తుంది. లేత బూడిద పొట్ట కాగితంలో కలిసిపోయి, విమానం కింది సగం చెరిగిపోయినట్టుంటుంది. అలాగని అంచు చుట్టూ నల్లగీత గీస్తే అట్టబొమ్మ అవుతుంది. కింద పలచటి నీలిబూడిద గ్రేడియెంట్ పరిస్తే చాలు, పొట్ట గుండ్రదనం బయటపడుతుంది. వెనక కోరంగి మడ అడవి వేస్తే మాత్రం ముదురాకుపచ్చ వీపు ఆ పచ్చదనంలో మాయమవుతుంది. అడవి చూపాలనుకుంటే దాన్ని బాగా దూరంగా, పలచటి గీతలాగా కిందికి దించాలి.

నీడ సంగతి ఇంకా ముఖ్యం. ఏప్రిల్లో ఈ తీరాన మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికొస్తాడు. వెలుగంతా వీపు మీదా రెక్కల మీదా పడుతుంది, పక్కలు నీడలోకి జారతాయి, పొట్టకు సముద్రపు వెలుగు కింది నుంచి తగులుతుంది. యూరప్ విమానాల కోసం తయారుచేసుకున్న ఏటవాలు వెలుగు లేయర్‌ను తెచ్చి దీనికి అతికిస్తే ఊరు మారిపోతుంది. నీళ్ల రంగూ అంతే. వరద నెలల్లో గోదావరి తెచ్చే ఎర్రమట్టి నీళ్లు ఏప్రిల్లో ఉండవు. బురద పచ్చదనం, పైన ఉక్కపొగ కమ్మిన తెల్లని ఆకాశం. చాలామంది వేసే చిక్కటి నీలం పసిఫిక్‌ది, మన కాకినాడది కాదు.

ఈ చూపు నేర్పగలవాడు ఇదే సీమలో పుట్టాడు. రాజమండ్రి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చి గోదావరినీ తూర్పు కనుమలనూ నీటిరంగుల్లో పట్టుకున్నాడు. 1897లో పుట్టినవాడు 1925లోనే మశూచితో పోయాడు. ఆయన పేరిట ఉన్న చిత్రశాల రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గరే ఉంది. ఈ నేల వెలుగును కాగితం మీద చూడాలంటే డిజిటల్ చిత్రకారులకు అంతకన్నా మంచి చోటు లేదు.

మరో ఎంపిక ఉంది, అది రంగులకు సంబంధించింది కాదు. మంటలు, పొగ వెనకేస్తే బొమ్మ అదిరిపోతుంది, నిజమే. అయితే ఆ పొగ కింద ఈ తీరపు జనం ఉన్నారు, ప్రాణాలు పోయాయి. దాడిని వీరగాథలాగా చూపే నేపథ్యం కాకినాడ బొమ్మకు తగదు. ఖాళీ ఆకాశం, కింద సన్నటి తీరరేఖ చాలు.

ఈ విమానాన్ని గీయబోయే గోదావరి కుర్రకారు ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఉప్పాడ ఒడ్డుకు వెళ్లి ఆకాశం రంగు, నీటి రంగు కాగితం మీద పూసుకుని రావాలి. బొమ్మ కింద తేదీతో పాటు కాకినాడ పేరూ రాయాలి.