అస్సె ఉప్పు గని: ఆలస్యంగా జరిగిన మదింపు

అణు విద్యుత్ చరిత్రలో రియాక్టర్ల నిర్మాణం గురించి మీరు ఎంతో చదివి ఉంటారు. వాటి నుండి వచ్చిన వ్యర్థాలు ఎక్కడికి చేరాయన్న ప్రశ్నకు మాత్రం పాఠ్యగ్రంథాల్లో సాధారణంగా దక్కేది రెండు మూడు వాక్యాలే. అందుకే ఈ భాగంలో జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఉన్న అస్సె గని ఉదంతాన్ని కొంత వివరంగా పరిశీలిద్దాం.

ముందుగా, ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారో తెలుసుకోవాలి. 1957లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ నివేదిక రేడియోధార్మిక వ్యర్థాలను పాతిపెట్టడానికి ఉప్పు పొరలు అనువైనవని సూచించింది. నీరు తగిలితే ఉప్పు కరిగిపోతుంది; కోట్ల సంవత్సరాలుగా అది కరగకుండా ఉందంటే అక్కడికి నీరు చేరలేదన్నమాట. పైగా ఒత్తిడికి ఉప్పు మెల్లగా జరిగి తనలోని పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. ఈ వాదంలో తప్పు లేదు. అయితే అది మనిషి తవ్వని ఉప్పుకు సంబంధించిన వాదం. అస్సెలో 1909 నుండి 1964 వరకు ఉప్పు తవ్వారు. వందకు పైగా గదులు ఖాళీగా మిగిలాయి. దక్షిణం వైపు కొన్ని గదులకూ బయటి రాతికీ మధ్య పలుచని ఉప్పు గోడే ఉంది. అంతేకాదు, పక్కనే ఉన్న మొదటి అస్సె గని 20వ శతాబ్దం తొలి దశకంలోనే నీట మునిగింది. హెచ్చరిక కళ్లెదుటే ఉందన్నమాట.

అయినా 1965లో ప్రభుత్వం గనిని కొన్నది. 1967 నుండి 1978 వరకు సుమారు 1,26,000 పీపాల వ్యర్థాలను లోపలికి దించారు. మొదట్లో పీపాలను వరుసగా పేర్చేవారు; తరువాత యంత్రంతో ఉప్పు వాలు మీద నుండి కిందికి దొర్లించేశారు. తిరిగి తీయవలసి వస్తుందని ఎవరూ అనుకోలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఇక్కడ ఒక విషయం గమనించండి. కాగితాల మీద ఇది 'పరిశోధన గని'. గనుల చట్టం కింద నడిచింది కాబట్టి, అణు చట్టం ప్రకారం శాశ్వత నిక్షేపానికి జరగవలసిన సమగ్ర ఆమోద ప్రక్రియ దీనికి జరగలేదు.

1988 నుండి గనిలోకి నీరు రావడం గమనించారు. అది రోజుకు సుమారు 12 ఘనపు మీటర్లు, అంటే 12,000 లీటర్లు. 2008లో సీజియం-137 కలిసిన ఉప్పునీరు లోపల ఉందన్న సంగతి బయటపడి పెద్ద దుమారం రేగింది. 2009లో గని నిర్వహణను కేంద్ర రేడియేషన్ రక్షణ కార్యాలయానికి అప్పగించి, అణు చట్టం పరిధిలోకి తెచ్చారు. అదే సంవత్సరం, లోపలి ప్లుటోనియం అంతకుముందు చెప్పిన 9 కిలోలు కాదని, దాదాపు 28 కిలోలని తేలింది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే సుమారు 24,000 సంవత్సరాలు పడుతుంది.

అప్పుడు మూడు మార్గాలను పోల్చి చూశారు: గదులను పూర్తిగా నింపి మూసివేయడం, గనిలోనే మరింత లోతుకు మార్చడం, అంతా పైకి తీయడం. నింపి మూస్తే భూగర్భ జలానికి దీర్ఘకాలిక భద్రత ఉంటుందని నిరూపించడం సాధ్యం కాలేదు. పైకి తీస్తే కార్మికులు రేడియేషన్‌కు గురవుతారు. తుప్పు పట్టిన పీపాలు ఏ స్థితిలో ఉన్నాయో తెలియదు. అంటే రేపటి తరాల నీటినీ నేటి కార్మికుల ఆరోగ్యాన్నీ ఒకే త్రాసులో తూచవలసి వచ్చింది. 2010లో వెలికితీతకే మొగ్గు చూపారు. 2013లో ప్రత్యేక చట్టం దాన్ని ఖాయం చేసింది. 2033లో పని మొదలుపెట్టాలని లక్ష్యం ప్రకటించారు. 1965లో ఈ పోలిక చేసి ఉంటే ఎంచుకోవలసింది స్థలాన్ని మాత్రమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మొదటి అస్సె గని నీట మునగడం 1965 నాటి నిర్ణయాన్ని ఎలా ప్రభావితం చేసి ఉండవలసింది? పది పంక్తుల్లో రాయండి.