అమ్మమ్మ బరువు ఒక్క వేలిమీద

"అమ్మమ్మ అన్న మాట వచ్చినప్పుడల్లా ఈ ఒక్క వేలే చచ్చిపోతోందమ్మా" అంది అక్క, ఎడమచేతి నడిమివేలు చూపిస్తూ. జగ్గయ్యపేటలో నా థీసిస్ టైపు చేసింది ఆమే. మా వత్సవాయి మనిషి. రోజూ బస్సులో వెళ్ళి టైపు నేర్చుకుని లోయరూ హయ్యరూ పాసైంది. టైపు మిషన్లు మూలపడ్డాక అను ఫాంట్లు నేర్చుకుంది. నాకు యూనికోడ్ కావాలన్నందుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంది. నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. అందులో పేజీకొక అమ్మమ్మ.

సబ్మిషన్ తేదీ తరుముతోంది కదా, ఆ మాట నేను పట్టించుకోలేదు. చాలాకాలం తర్వాత కీబోర్డు ముందు కూర్చుని సరిచూశాను. అ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని డి. మ అంటే సి. పొల్లు అంటే మళ్ళీ డి. ఆ రెండు మీటలూ ఎడమ నడిమివేలివే. అ, మ, పొల్లు, మ, మ, పొల్లు, మ. ఏడు దెబ్బలు, ఏడూ ఒకే వేలికి. అదే 'స్త్రీ' అని కొట్టి చూడండి. స కుడిచేతికి, పొల్లు ఎడమకి, త కుడికి, పొల్లు ఎడమకి, ర కుడికి, గుడిదీర్ఘం ఎడమకి. రెండు చేతులూ చెమ్మచెక్కలాడినట్టు ఉంటుంది.

ఇన్‌స్క్రిప్ట్‌ని కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించి 1988లో సవరించింది. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలోకి అదే చేరింది. గుణింతాలు ఎడమ, హల్లులు ఎక్కువగా కుడి. దేవనాగరిలో క ఎక్కడుందో తెలుగులోనూ కన్నడంలోనూ అక్కడే. ఒక లిపి నేర్చినవాళ్ళకి మిగతావీ చేతికొస్తాయి, అది చిన్న మేలేమీ కాదు. కానీ న, మ ఎడమవైపు పడ్డాయి. అమ్మ, అన్న, నాన్న అని మాటమాటకీ ఒత్తులు పెట్టే భాష మనది. ఒత్తు పెట్టాలంటే ముందు పొల్లు కొట్టాలి. అంటే మన ఒత్తులన్నీ ఆ నడిమివేలి మీదుగానే పోవాలి. పక్కనే బొటనవేలు ఉంది, చేతిలో బలమైన వేలు. దానికిచ్చిన పని ఖాళీ జాగా కొట్టడం ఒక్కటే.

బొటనవేలు ఊరికే పడి ఉందని గట్టిగా అన్న స్త్రీ ఒకామె ఉంది. ఇంగ్లండులో కీబోర్డు ఆపరేటర్లకి శిక్షణ ఇచ్చిన లిలియన్ మాల్ట్. 1977 సెప్టెంబరులో లండన్ సదస్సులో ఎలక్ట్రానిక్ యుగపు కీబోర్డు గురించి ఆమె ఒక పత్రం సమర్పించింది. మీటల వరసలు ఏటవాలుగా జరిగి ఉండడానికి కారణం పాత మిషన్‌లోని ఇనప కడ్డీలు. ఆ కడ్డీలే పోయాక వాటి వంకర ఎందుకు మిగలాలి? ఆమెతో కలిసి స్టీఫెన్ హాబ్డే అనే ఇంజనీరు నమూనాలు తయారుచేశాడు. చేతికొక భాగంగా విడిపోయి, గిన్నెలా లోతుగా, పొడుగు వేలికి ఒక ఎత్తు, చిటికెనవేలికి ఇంకో ఎత్తు. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ వచ్చే 'ఇ' అక్షరాన్ని ఎడమ బొటనవేలికి అప్పగించారు. పేరు మాల్ట్రాన్. ఒంటిచేతి వాళ్ళకీ వేరే నమూనాలు చేశారు. 1990ల్లో అమెరికాలో కినెసిస్ అనే సంస్థ గిన్నె ఆకారపు కీబోర్డులు అమ్మింది. కీబోర్డు చరిత్ర చెప్పేవాళ్ళు మాత్రం షోల్స్, రెమింగ్టన్, డ్వొరాక్ అని మగపేర్లే వల్లిస్తారు.

ఆ రెమింగ్టన్ వాళ్ళు కుట్టుమిషన్లు కూడా చేసేవాళ్ళు. 1874లో అమ్మకానికొచ్చిన మొదటి టైపు మిషన్‌కి కుట్టుమిషన్ బల్లే పెట్టారు. దానిమీద పూలు వేశారు. పంక్తి మారాలంటే కాలితో తొక్కాలి. ఎవరు కూర్చోబోతున్నారో కొనేవాళ్ళకి అర్థం కావడానికి ఇంకేం కావాలి? కూర్చున్నవాళ్ళ వేళ్ళ సంగతి వందేళ్ళ తర్వాత వచ్చింది. 1980ల్లో ఆస్ట్రేలియాలో టైపిస్టులు, టెలిఫోన్ ఉద్యోగినులు చేతులు పనిచెయ్యడం లేదని మొరపెట్టుకుంటే, ఆ నొప్పికి కంగారూ పంజా అని వెక్కిరింపు పేరు పెట్టారు. మన దగ్గర వెక్కిరింపు పేరు కూడా లేదు. "అలవాటైపోతుందిలే" అంటారు. నేనూ అన్నాను.

కిందటి వేసవిలో అక్క చేతుల కొలతతో ఒక నమూనా చేద్దామనుకున్నాం. కరెంటూ లేదు, వైర్లూ లేవు. చెరువు బంకమట్టి తెచ్చి రెండు ముద్దలు పెట్టాం. కళ్ళు మూసుకుని చేతులు వాల్చమన్నాను. నడిమివేలి గుంట దూరంగా పడింది, చిటికెనవేలిది బాగా దగ్గరికి, బొటనవేళ్ళవి లోపలివైపుకి. మాల్ట్ పుస్తకపు భాషలో చెప్పింది మట్టిలో అచ్చు పడింది. ఆ గుంటల్లో చొక్కా గుండీలు గుచ్చి, అక్షరాలు మార్కర్‌తో రాశాం. పొల్లు ఎడమ బొటనవేలికి ఇచ్చాం. మకారాన్ని కుడిచేతికి మార్చాం. స్త్రీ చెడకూడదు కదా, అందుకని స, త, ర కదపలేదు. మ వచ్చిన చోటు నుంచి లకారాన్ని లేపాల్సి వచ్చింది. అది ఎక్కడా కుదరక ఎడమవైపు మ ఖాళీ చేసిన చోటే పెట్టాం. దానికి అక్క ఒప్పుకోలేదు. మన భాషలో బహువచనమంతా 'లు' కదా, ఆ మాటకొస్తే లకారానికి మంచి వేలు వద్దా అని ఆమె వాదన. నిజమే. పీహెచ్‌డీ నాది, ఆలోచన ఆమెది.

ఆమె అమ్మమ్మ అని కొట్టింది. అ ఎడమ, మ కుడి, పొల్లు బొటనవేలు, మ కుడి. మళ్ళీ కొట్టింది. మట్టి మీద చప్పుడు రాలేదు.

నాలుగోరోజుకి ఆరి పగిలింది. ఎడమ ముద్ద నడిమివేలి గుంట దగ్గరే బీట. రెండోసారి మట్టిలో ఊక కలపాలంది. కలిపాం. ఇప్పుడు లకారం కుడివైపు ఉంది, సకారం కోసం చోటు వెతుకుతున్నాం.

థీసిస్ కృతజ్ఞతల పేజీ మొన్న తీసి చూశాను. గైడు, లైబ్రేరియన్లు, స్నేహితులు, మా అమ్మమ్మ. అక్క పేరు లేదు. ఆ పేజీ కూడా టైపు చేసింది ఆమే.