పడవకు చూరు

సముద్రానికి ఎంతో దూరాన, దక్కను రాళ్ల నడుమ, 1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూర్ ప్రాంతాన కూర్చుని చేపల పడవను గురించి వ్రాయడమేమిటని మిత్రులు అనుకోవచ్చు. కానీ ఈ అద్దాల మేడల పక్కనే దుర్గం చెరువున్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు మంచినీరిచ్చిన చెరువది. దానిమీద 2020లో తీగల వంతెన వచ్చింది. ఆ చెరువులో విహారపు మోటారు పడవలు తిరగగా చూసినవారికి ఒక విషయం గుర్తుండవచ్చు. పడవ నెమ్మదిగా పోయేటప్పుడు నీరు పక్కలకు ఒదిగి దారి ఇస్తుంది. వేగం హెచ్చగానే అదే నీరు పలుచని పొరగా పడవ చెక్కిళ్ల మీదికి ఎగబ్రాకి, గాలికి చెదరి, లోపల కూర్చున్నవారి మీద పడుతుంది. దీనిని ఆపడానికి వేగపు పడవల పక్కల మీద, ముందునుండి వెనుకకు, సన్నని పట్టె ఒకటి అమరుస్తారు. ఆ పట్టె కథే ఈ టపా.

మొదట మాట సంగతి. పడవ ముందుభాగాన్ని అణియమనీ, వెనుకభాగాన్ని అమరమనీ మన నిఘంటువులు చెబుతాయి. గాలికి చెదరిన నీటి తుంపరకు శీకరమనే చక్కని సంస్కృతపదం ఉన్నది. పండితుణ్ణి కనుక ఈ పట్టెకు ‘శీకర నివారిణి’ అని పేరు పెట్టాలని చేయి దురద పుట్టింది. అయితే ఉప్పాడ ఒడ్డున నిలబడి ఆ మాటంటే వినేవారెవరు? ఇంటి గోడమీద వాన కారకుండా నీటిని అవతలికి విసిరేది చూరు. పడవ గోడకు ఈ పట్టె చేసే పని కూడా అదే. అందుచేత ‘పడవ చూరు’ అన్నాను. తేడా ఒక్కటే. ఇంటి చూరుకు నీరు పైనుండి వస్తుంది, పడవ చూరుకు కిందినుండి వస్తుంది.

ఇది పనిచేసే తీరు వంటింట్లోనే కనబడుతుంది. చెంబులోని నీటిని మెల్లగా వంపితే అవి ధారగా పడవు, గుండ్రని అంచును పట్టుకొని చెంబు పొట్టమీదుగా కారిపోతాయి. అంచు పదునుగా ఉన్న పాత్రనుండి వంపితే చటుక్కున తెగి దూరంగా పడతాయి. నీటికి వంపును అంటిపెట్టుకొనే గుణమున్నది, కోసుగా ఉన్న అంచు దగ్గర అది పట్టు వదులుతుంది. పట్టె బలమంతా దాని అంచులో ఉన్నదన్నమాట. అందానికని అంచును గుండ్రంగా నునుపు చేస్తే నీరు దానినీ చుట్టుకొని పైకెక్కుతుంది. పట్టె ఉండీ లేనట్టే.

మరి మన పూర్వులు దీనిని ఎందుకు చేయలేదు? తెలియక కాదు, అవసరం లేక. మన జలయానాలన్నీ నీటితో ఒక్కొక్క రకం ఒప్పందం చేసుకున్నవే. తెప్పను చూడండి. తేలికైన దుంగలను తాళ్లతో కట్టినదే కనుక, పైకి వచ్చిన నీరు దుంగల సందులలోనుండి తిరిగి సముద్రంలోకే పోతుంది. నీరు నిలిచే కడుపే దానికి లేదు. కృష్ణా తుంగభద్రల మీది పుట్టి బుట్టవలె గుండ్రనిది, దానికి అణియమే లేదు. 16వ శతాబ్దిలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పాయిస్, తోలు కప్పిన ఈ బుట్ట పడవలు తిరుగుతూ తిరుగుతూ ఏరు దాటడాన్ని వర్ణించాడు. తిరుగుతూ పోయేది నీటిని చీల్చదు, చీల్చనిదానికి తుంపర లేవదు.

కోరమండల తీరపు మసులా పడవది మరొక మార్గం. ఇనుప మేకు లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, సందులలో గడ్డి కూరి కట్టిన పడవ అది. ఒడ్డున విరిగే అల దెబ్బకు ఎదురు నిలవక, వంగి ఊరుకుంటుంది. 1870లలో మద్రాసు రేవు నిర్మాణం మొదలయ్యేవరకు ఓడలనుండి మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చినవి ఇవే. మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్, భారతీయ పడవల రూపాల మీద 1920లో వెలువరించిన గ్రంథంలో ఈ తీరపు పడవలను శ్రద్ధగా నమోదు చేశాడు. తెడ్డుతో, తెరచాపతో పోయే ఆ పడవల మీద తుంపర పడలేదని కాదు. కానీ అది అల విసిరిన తుంపర. నేటి పడవ తన తుంపరను తానే పుట్టిస్తుంది.

ఈ మార్పు తెచ్చినది యంత్రం. నీటిని తోసుకుంటూ పోయే పడవ వేగానికి ఒక మేర ఉన్నది. నీటిని తాకే పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే ఆ మేర సుమారుగా నాట్లలో వస్తుంది. పదహారు అడుగుల పడవకు అయిదు నాట్లు దాటి కొంచెం, అంటే గంటకు పది కిలోమీటర్లు. 1870లలో ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో చిన్న నమూనా పడవలను నీటి తొట్టిలో లాగి విలియం ఫ్రూడ్ చేసిన పరిశోధనలు ఇటువంటి లెక్కలకు పునాది వేశాయి. ఆ మేర దాటాలంటే పడవ నీటిలో మునిగి పోవడం మాని, నీటిమీద జారుతూ పోవాలి. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనుక తగిలించే మోటారును అమ్మకానికి తెచ్చాక ఆ వేగం చిన్న పడవలకూ అందింది. తుంపర కూడా అందింది.

పట్టె విలువను బాగా గుర్తించినవారిలో నీటిమీద దిగే విమానాలను చేసినవారు ముఖ్యులు. వారి భయం ప్రయాణికులు తడుస్తారని కాదు, లేచిన నీరు గిర్రున తిరిగే పంకాలను దెబ్బతీస్తుందని. తరువాత రేమండ్ హంట్ అనే అమెరికన్ రూపశిల్పి, లోతైన కత్తివాదర వంటి అడుగుకు నిలువునా పట్టెలు చేర్చి కొత్త పడవను రూపొందించాడు. 1960లో మయామీ నుండి నసావుకు జరిగిన పందెంలో, ఉగ్రంగా లేచిన కడలిమీద, ఆ తరహా పడవ గెలిచింది. అప్పటినుండి వేగపు పడవలకు ఈ పట్టెలు అలవాటయ్యాయి.

మన తీరానికి వద్దాం. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని ఆరంభించింది. రేవు లేని ఇసుక ఒడ్డుమీదనే దిగగల మోటారు పడవలకోసం అందులో నార్వే దేశీయుడు ఓయివిండ్ గుల్‌బ్రాండ్‌సెన్ వంటి నిపుణులు శ్రమించారు. తరువాతి దశాబ్దాలలో తెప్పకు మోటారు వచ్చింది. ఆపైన దుంగల తెప్ప స్థానంలో ఫైబర్ తెప్ప వచ్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబర్ పడవలు మరింత పెరిగాయి. పేరు తెప్పే, రూపం మాత్రం వేరు. పాత తెప్పకు లేని కడుపు దీనికున్నది. అందులో పడిన నీరు దానంతట అది పోదు.

ఇక్కడే అసలు ప్రమాదం. లోపల నిలిచిన నీరు పడవ ఒరిగినవైపే పరుగెత్తి మరింత ఒరిగేట్టు చేస్తుంది. వలలు తడిసి బరువెక్కుతాయి, యంత్రానికి ఉప్పునీరు తగులుతుంది, చుక్కాని పట్టినవాడి కళ్లలో నీరు కొడితే ఎదురుగా వచ్చే అల కనబడదు. నీరు తోడడానికి ఒక మనిషి కూర్చుంటే వల దగ్గర ఒక చేయి తగ్గినట్టే. రెండంగుళాల పట్టె ఈ కష్టాలన్నిటినీ తీర్చకపోయినా చాలావరకు తగ్గిస్తుంది.

దానిని అమర్చడానికీ ఒక పద్ధతి ఉన్నది. రోజూ వేసే బరువుతో, రోజూ పోయే వేగంతో పడవను నడిపి, నీటి పొర పక్కమీద ఎంతవరకు ఎక్కుతున్నదో ముందు గుర్తు పెట్టుకోవాలి. పట్టె అణియం దగ్గర ఎత్తుగా మొదలై, వెనుకకు పోనుపోను దిగుతూ, నిలకడ నీటి గీతకు కొంచెం పైన సాగాలి. దాని అడుగు సమతలంగానో, కొంచెం కిందికి వాలుగానో ఉండాలి, పైకి వాలితే నీరు గాలిలోకే లేస్తుంది. చెక్క పడవకైతే గట్టి కలపను, నీరు చొరని జిగురుతో, లోపలినుండి మరలు బిగించి పట్టించాలి. ఫైబర్ పడవకైతే పైపూతను గీకి, పట్టెమీద గాజునార, రెసిన్ పొరలు వేసి ఒంటిలో కలిపేయాలి. మేకు రంధ్రం ఒక్కటి వదిలినా, తుంపరను ఆపబోయి ఊటను తెచ్చుకున్నట్టవుతుంది. మరీ కిందికి దించితే నీటిని ఈడ్చి ఇంధనం తినేస్తుంది. పడవ అడుగున ప్రొపెల్లరుకు సూటిగా ముందుండే చోటికి కొనసాగిస్తే, గాలి కలిసిన నీరు అంది పట్టు సడలుతుంది. ఇక ఒడ్డుమీదికి ఈడ్చే పడవకు ఇసుక తగిలే చోట పట్టె నిలవనే నిలవదు. విహారపు పడవలో చూసినదాన్ని ఉన్నదున్నట్టు చేపల పడవకు దించుకోరాదనడానికి ఇదొక్కటి చాలు.

పాత పడవలను చేసినవారు నీటి స్వభావాన్ని ఎరిగి, దానికి తగ్గ రూపం ఇచ్చారు. తెప్పకు సందు, పుట్టికి గుండ్రదనం, మసులాకు కుట్టు అలా వచ్చినవే. వేగం వచ్చి ఆ పాత ఒప్పందం చెల్లకుండా పోయింది. మోటారు కొన్నవారికి కొత్త ఒప్పందం కూడా కావాలి. అది ఒక్కోసారి రెండంగుళాల కొయ్యముక్కలో ఉంటుంది. మీ తీరంలో దీనికి జనం నోట నలిగిన మాట ఏదైనా వినబడితే వ్రాయండి. నా ‘చూరు’ను సంతోషంగా పక్కన పెడతాను.