కొండనీరు, కూరమడి: మన మురుగుకాలువల చరిత్ర

దసరా వెళ్ళింది మొదలు సంక్రాంతి ముందు వరకూ బంగాళాఖాతంలో వాయుగుండాలు పడుతూనే ఉంటాయి. తీరంలో గాలి దెబ్బ ఎక్కువ. కొండల్లో మనకు మిగిలేది ముసురు. రెండు మూడు రోజులు ఎడతెగని వాన, ఎండ జాడ ఉండదు, పైగా చలి. అప్పటికి పెరట్లో వంగ, టమాట, మిరప పూత మీద ఉంటాయి. చిక్కుడు పందిరెక్కి ఉంటుంది. అల్లం, పసుపు దుంపలు భూమిలో ఊరుతుంటాయి. ఈ మడుల్లో నీరు నిలిచిపోతే ఆ ఏడు సంతకు మోసుకెళ్ళడానికి ఏమీ మిగలదు.

ఇది వాతావరణం చేసిన నష్టమని అందరూ అంటారు. అందులో సగమే నిజం. మన మడి నీళ్ళు నిలిచే చోటికి ఎలా చేరిందో కూడా మనం తెలుసుకోవాలి.

మన తాతల సాగు కొండవాలు మీద. పోడులో చోడి, సామ, కొర్ర, కంది కలిపి చల్లేవారు. వాటి నడుమ గుమ్మడి, చిక్కుడు పాదులు పెట్టేవారు. చెట్టు కొట్టినా మొదలు పెకిలించేవారు కాదు. ఆ వేళ్ళు మట్టిని పట్టి ఉంచేవి. కొన్నేళ్ళు పండించి ఆ కొండను బీడు వదిలేసేవారు. వాలు మీద నీరు ఆగదు కాబట్టి మొక్క మునగడం అనే మాటే లేదు. వాళ్ళ భయమల్లా మట్టి కొట్టుకుపోతుందనే.

ఆ భయానికి సవరలు చూపిన మందు మెట్ల మడులు. సీతంపేట, భామిని కొండల నుంచి ఒడిశాలోని గజపతి జిల్లా దాకా వాటిని ఇప్పటికీ చూడవచ్చు. గెడ్డ పుట్టే చోటు నుంచి కిందికి మెట్టు మెట్టుగా నేల చదును చేసి, అంచున రాతికట్టు కడతారు. పై మడి నిండితే నీరు గట్టు తెంచుకోకుండా దారి చూపి కింది మడికి దింపుతారు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాల్లో కూడా సవరల మెట్ల సాగు ప్రస్తావన ఉంది. ఇంజనీరు చదువు లేని మనవాళ్ళు నీటిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో అంత బాగా తెలుసుకున్నారు.

తర్వాత ఏం జరిగింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో సాగుకు నేల నరకడం, తవ్వడం నేరమైంది. జమీందారీ కొండల్లో జమీందారుల ఆంక్షలు వేరే. పోడు తగ్గేకొద్దీ మనం పల్లానికి దిగాం. పల్లంలో మంచి నేల అప్పుల కింద షావుకార్ల చేతికి పోతూ వచ్చింది. దాన్ని ఆపడానికి 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం, 1959లో నిబంధన, 1970లో దాన్ని గట్టిపరిచిన 1/70 వచ్చాయి. అవి వచ్చేసరికే చాలా భూమి చేజారింది. చాలా కుటుంబాలకు మిగిలింది గెడ్డ ఒడ్డున చెమ్మ నేల, కొండ అడుగున ఊట నేల. పై నుంచి వచ్చే నీరంతా చేరేది అక్కడికే.

పంట కూడా మారింది. 1970ల మధ్య నుంచి ఐటీడీఏలు, రోడ్లు వచ్చాక సంతకు అమ్మే కూరగాయలు పెరిగాయి. చోడి కొంత తడిని ఓర్చుకుంటుంది. టమాట, అల్లం ఓర్చుకోవు. ఓర్వని పంట, నీరు నిలిచే నేల, చలికాలపు తుపాను మూడూ ఒకచోట కలిశాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అదే ఏడు డిసెంబరు 17న పెథాయ్ తూర్పుగోదావరిలో దాటింది. రెండు నెలల పైచిలుకు వ్యవధిలోనే రెండు తుపానులు. మొదటి దాని తర్వాత మళ్ళీ నాటిన నారు మీద రెండోది పడే కాలమిది.

నీరు నిలిస్తే మొక్క ఎందుకు చస్తుందో పిల్లలకు తేలిగ్గా చెప్పవచ్చు. వేరుకు కూడా గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో నీరు నిండితే గాలి అందదు. వేరు పనిచేయక, నీళ్ళలో నిలబడిన మొక్కే వాడిపోతుంది. ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. ఎండ లేని చలి రోజుల్లో నేల త్వరగా ఆరదు కాబట్టి నారుకుళ్ళు, అల్లంలో దుంపకుళ్ళు పట్టుకుంటాయి.

మందు కొనడానికి ముందు పార పట్టాలి. మడిని నేలకు జానెడు ఎత్తు లేపి, రెండు వైపుల నుంచి చెయ్యి అందేంత వెడల్పు ఉంచాలి. మడికీ మడికీ మధ్య మూరెడు కాలువ తీయాలి. అన్నిటికంటే ముఖ్యం మడికి పైన, కొండ వైపు అడ్డంగా తీసే కాలువ. కొండనీరు మడిలోకి దిగకముందే అది పక్కకు మళ్ళిస్తుంది. ఆ నీరు గెడ్డలో పడే చోట రాళ్ళు పేర్చాలి, లేకపోతే ఒడ్డు కోసుకుపోతుంది. వాన పడుతున్నప్పుడే గొడుగో గోనెసంచో కప్పుకుని వెళ్ళి కాలువల్లో అడ్డుపడిన ఆకు, మట్టి తీసేయాలి. వాన వెలిశాక తడి మడిలోకి దిగి తొక్కకూడదు, నేల గట్టిపడిపోతుంది. కాస్త ఆరాక పైపైన గుల్లచేసి, మొదళ్ళకు మట్టి ఎగదోయాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పై కాలువ ఒక్కరి మడి కోసం తీస్తే ఆ నీరు పక్కవాళ్ళ మడిలో పడుతుంది. మెట్ల మడుల్లో పైవాడు నీరు వదిలే దారి కిందివాడికి ముందే తెలిసి ఉండాలి. ఆ ఒప్పందం లేకుండా ఆ సాగే సాగదు. ఇప్పుడు ఎవరి పట్టా వారిది, ఎవరి గట్టు వారిది. కాలువ ఎవరిదో పట్టాలో రాసి ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం ఒక్కొక్కరి సాగుభూమితో పాటు ఊరి సామూహిక హక్కులను కూడా గుర్తిస్తుంది. మనవాళ్ళలో చాలామంది వ్యక్తిగత పట్టాతో ఆగిపోతున్నారు. మడి పైనున్న కొండ, దాని నీటి దారులు ఊరి చేతిలో లేకపోతే కింద మడి ఎంత ఎత్తు లేపినా లాభం తక్కువ. గ్రామసభలో ఈ మాట అడగవలసింది చదువుకున్న యువతే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువులు కూర్చారు. వాటిని 1930ల్లో అచ్చువేశారు. మన భాషల్లో గట్టుకు, ఊటకు, నీరు వదిలే తూముకు, ముసురుకు ఉన్న మాటలు ఇప్పుడు పెద్దవాళ్ళ నోట మాత్రమే ఉన్నాయి. ఆ మాటలు పోతే పని తెలివి కూడా పోతుంది. ఈ దసరా సెలవుల ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి పై కాలువ వెంట నడవండి. అది ఎక్కడ మొదలై ఎక్కడ గెడ్డలో కలుస్తుందో, ఎక్కడ పూడిందో పటం గీయించండి. ఒక్కో చోటు పేరు తాతనో అవ్వనో అడిగి రాయించండి. ఆ పటం బడి గోడ మీద ఒకటి, గ్రామసభ పుస్తకంలో ఒకటి ఉంచండి. పూడిన చోట్లు వాయుగుండం పడకముందే ఊరంతా కలిసి తీసుకోవచ్చు.