తొలినాటి దక్షిణ అమెరికా రాక్ సంగీతం – ‘పురోగామి’ అన్న మాటకు గల హద్దులు

వ్యాససంగ్రహం

1964 – 1973 మధ్య దక్షిణ అమెరికాలో రూపొందిన రాక్ సంగీతాన్ని ‘పురోగామి’ (ప్రోగ్రెసివ్) వర్గంలో చేర్చవచ్చునా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. బ్రిటన్‌లో స్థిరపడిన లక్షణాలతోపాటు, ఆ దేశాలలో ఈ మాటకు ఏర్పడిన అర్థాన్ని కూడా ప్రమాణంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: రాక్ సంగీతం, దక్షిణ అమెరికా, పురోగామి, అభ్యుదయం, కాండోంబే, సైనిక పాలన.

1. ఉపోద్ఘాతం

సాహిత్యచరిత్రలో వలెనే సంగీతచరిత్రలోనూ వర్గీకరణ కేవలం పేరు పెట్టడం కాదు. ఏ కొలమానంతో కొలుస్తున్నామో దానిని బట్టే ఏది మిగులుతుంది, ఏది మరుగున పడుతుంది అన్నది తేలుతుంది. దక్షిణ అమెరికా తొలి రాక్ రికార్డులు ఆ ఖండం వెలుపలి శ్రోతలలో ఎక్కువమందికి చేరింది చాలా ఆలస్యంగా, పునర్ముద్రణల ద్వారా. బ్రెజిల్ బృందమైన ‘ఓస్ ముటాంటెస్’ పాటల సంకలనాన్ని డేవిడ్ బర్న్ స్థాపించిన లువాకా బాప్ సంస్థ 1999లో వెలువరించడం ఇందుకు ఉదాహరణ. ఇలా ఆలస్యంగా దొరికిన సంగీతానికి బయటివారు తమకు తెలిసిన పేర్లనే తగిలించారు. వాటిలో ‘ప్రోగ్రెసివ్’ ఒకటి.

బ్రిటన్‌లో ఈ మాట ప్రధానంగా రూపానికి సంబంధించినది. 1969లో వచ్చిన కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ నుంచి స్పష్టపడిన సుదీర్ఘ రచనలు, విషమ లయలు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత నిర్మాణం, ఆల్బమ్ అంతటా ఒకే ఇతివృత్తం దాని లక్షణాలు. తెలుగులో ఇదే ఆంగ్లపదానికి సమానార్థకంగా నిలిచిన ‘అభ్యుదయం’ వేరు దారి పట్టింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటి నుంచి ఆ మాటలో సామాజిక నిబద్ధత ప్రధానమైంది. ఒకే మాటకు ఒకచోట రూపం, మరొకచోట నిబద్ధత ఆధారమైనప్పుడు, దక్షిణ అమెరికాలో ఆధారమేమిటన్నది అక్కడి చరిత్రలోనే వెదకవలసి ఉంటుంది.

2. అనుకరణ దశ

1964 నాటికి బీటిల్స్ ప్రభావం ఖండమంతా వ్యాపించింది. ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో ఫాటోరూసో సోదరులు నెలకొల్పిన ‘లోస్ షేకర్స్’ ఆంగ్లంలోనే పాడారు. పెరూ రాజధాని లిమాలో ‘లోస్ సాయికోస్’ 1965లో ‘డెమోలిసియోన్’ అనే పాటను స్పానిష్‌లో కర్కశమైన కేకలతో పాడారు. దీనికి తరువాతి తరం ‘పంక్’ అన్న పేరు పెట్టింది. మౌలికత ఎంత ఉన్నా, ఈ రెండు బృందాల తొలి రికార్డులు రెండు మూడు నిమిషాల నృత్యగీతాలే. వీటిని పురోగామి అనడానికి ఆధారం లేదు. అయితే ఇదే లోస్ షేకర్స్ 1968 నాటి చివరి ఆల్బమ్‌లో టాంగో, కాండోంబే ఛాయలను రాక్‌తో కలపడం గమనార్హం.

3. సొంత భాష, సొంత లయ

అసలు మలుపు 1967లో వచ్చింది. అర్జెంటీనాలో ‘లోస్ గాటోస్’ పాడిన ‘లా బాల్సా’ విశేష జనాదరణ పొందింది. ఆంగ్ల గీతాలకు అనువాదం కాని సొంత స్పానిష్ రాక్‌కు నాందిగా చరిత్రకారులు తరచు దీనినే పేర్కొంటారు. ఉరుగ్వేలో ఎడ్వార్డో మాటియో, రూబెన్ రాడా సభ్యులుగా ఉన్న ‘ఎల్ కింటో’ బృందం ఆఫ్రికా సంతతివారి డప్పు సంప్రదాయమైన కాండోంబేను రాక్‌కు ఆధారలయగా చేసింది. బృందం కొనసాగిన కాలంలో వారిది ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా వెలువడలేదు. ఆల్బమ్ ప్రమాణంగా రాసిన చరిత్రలో ఇటువంటి బృందం సహజంగానే జారిపోతుంది.

బ్రెజిల్‌లో ఈ మార్పు ఘర్షణగా పరిణమించింది. 1967 జూలైలో సావో పాలో వీధులలో విద్యుత్ గిటారుకు వ్యతిరేకంగా ఊరేగింపు జరిగింది. అందులో పాల్గొన్న జిల్బెర్టో జిల్, అదే ఏడాది టెలివిజన్ పాటల పోటీలో ‘డొమింగో నో పార్కె’ను ఓస్ ముటాంటెస్ గిటార్ల తోడుగా, రొజేరియో డుప్రాట్ వాద్యరచనతో పాడారు. ట్రోపికాలియా ఉద్యమానికి ఇది పునాదులలో ఒకటి. వాద్యరచనలోని ప్రయోగశీలత ఇందులో ఉంది కాని, సుదీర్ఘత లేదు. ఆ బృందం బ్రిటిష్ నమూనాకు దగ్గరైనది 1974 నాటి ఆల్బమ్‌లో. అప్పటికి రీటా లీ, ఆర్నాల్డో బాప్టిస్టా బృందంలో లేరు. బ్రిటిష్ కొలమానం ప్రకారం చూస్తే ఈ అనుసరణే ‘పురోగామి’ అవుతుంది, తొలినాటి సాహసం కాకుండా పోతుంది. ఆ కొలమానపు లోపం ఇక్కడే బయటపడుతుంది.

4. అర్జెంటీనాలో ‘మూసికా ప్రోగ్రెసివా’

అర్జెంటీనాలో ఈ మాట ఆనాడే వాడుకలో ఉంది. 1970లో ప్రారంభమైన ‘పేలో’ పత్రిక సంగీతాన్ని ‘ప్రోగ్రెసివా’, ‘కోంప్లాసియెంటె’ అని రెండుగా విభజించింది. రెండవది అమ్మకం కోసం శ్రోతను మెప్పించే సంగీతం. ఈ విభజనలో లయ సంక్లిష్టత కాక, వ్యాపారానికి లొంగకపోవడమే గీటురాయి. అందుకే కేవలం ముగ్గురు సభ్యులతో బ్లూస్ వాయించిన ‘మనాల్’ కూడా పురోగామి సంగీతమే అయింది. స్పినెట్టా నాయకత్వంలోని ‘అల్మెండ్రా’ తొలి ఆల్బమ్‌లో ఒకవైపు తొమ్మిది నిమిషాలకు మించిన ‘కలర్ ఉమానో’, మరొకవైపు టాంగో వాద్యమైన బాండోనియోన్ వినిపించే ‘లారా వా’ ఉన్నాయి. 1971లో ‘వోక్స్ డేయి’ బైబిల్‌ను ఇతివృత్తంగా తీసుకొని ‘లా బిబ్లియా’ను రచించింది. దాని ప్రణాళిక ఇతిహాస స్థాయిది, సంగీతం మాత్రం ప్రధానంగా బ్లూస్‌పై ఆధారపడిన రాక్. ఇక్కడ రూపలక్షణాలు ఒకే మూసలో లేవు.

5. రెండు వైపుల ఒత్తిడి

ఈ సంగీతకారులు రెండు వైపుల నుంచి అనుమానానికి గురయ్యారు. అర్జెంటీనాలో 1966 నుంచి ఓంగానియా సైనిక పాలన సాగింది. బ్రెజిల్‌లో 1968 డిసెంబరు 13న ఐదవ సంస్థాగత చట్టం వెలువడగా, ఆ నెలలోనే జిల్, కాయెటానో వెలోసోలను అరెస్టు చేశారు. తరువాత వారు లండన్‌లో ప్రవాసం గడిపారు. పెరూ సైనిక ప్రభుత్వం 1971లో సాంటానా కచేరీని అడ్డుకున్నది. మరోవైపు, గిటారు వ్యతిరేక ఊరేగింపు సూచించినట్లు, జాతీయవాదులకూ వామపక్షీయులకూ రాక్ విదేశీ సంస్కృతి చిహ్నంగా కనిపించింది.

చిలీలో ఈ దూరం కొంత తగ్గింది. 1971లో విక్టర్ హారా ‘ఎల్ డెరెచో డె వివిర్ ఎన్ పాస్’ పాటకు ‘లోస్ బ్లోప్స్’ విద్యుత్ వాద్యాలు సమకూర్చారు. ‘లోస్ హైవాస్’ ఆండీస్ ప్రాంతపు వాద్యాలను పియానో, గిటార్లతో మేళవించారు. 1973 సెప్టెంబరు 11 నాటి కుట్ర తరువాత హారా హత్యకు గురయ్యారు. హైవాస్ దేశం విడిచి అర్జెంటీనాకూ, అక్కడి నుంచి ఫ్రాన్సుకూ చేరారు. నెరూడా కవితలకు వారు కూర్చిన ‘ఆల్తూరాస్ డె మాచూ పీచూ’ (1981)లో సుదీర్ఘ నిర్మాణం, దేశీయ వాద్యం, సామాజిక దృష్టి ఒక్కచోట కలిశాయి.

6. ముగింపు

తొలినాటి దక్షిణ అమెరికా రాక్‌నంతటినీ పురోగామి సంగీతమనడం సరికాదు. 1964 – 66 నాటి రికార్డులకు ఆ పేరు వర్తించదు. బ్రిటిష్ లక్షణాలు లేవన్న కారణంతో 1967 తరువాతి సంగీతాన్ని తోసిపుచ్చడమూ అంతే అసమంజసం. అరువు వచ్చిన రూపాన్ని సొంత భాషలోకి, సొంత లయలోకి మార్చి, సంతకూ సైన్యానికీ లొంగకుండా నిలబెట్టడమే అక్కడి పురోగమనం. ‘ఎల్ కింటో’, ‘మనాల్’ వంటి బృందాలకు చరిత్రలో చోటు దక్కేది ఈ అర్థాన్ని గుర్తించినప్పుడే. పరిశోధకుడు బయటి లక్షణాల పట్టికతో మొదలుపెట్టక, ఆ మాటను ఆనాడు ఎవరు, దేనికి వ్యతిరేకంగా వాడారన్న ప్రశ్నతో మొదలుపెట్టడం శాస్త్రీయం.