స్త్రీ రూపము – అతుకు బొమ్మ



నేడు అతుకు బొమ్మల చరిత్రను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. పాత పత్రికలలోని బొమ్మలను, గుడ్డపేలికలను, రంగు కాగితములను కత్తిరించి, అట్టపై జిగురుతో అతికి, క్రొత్త బొమ్మను గావించుట యీ కళ. ఫ్రెంచి భాషలో అతికించుట యను మాటనుండి దీనికి కొలాజ్ అను పేరు వచ్చినది. 1912లో పికాసో, బ్రాక్ అను చిత్రకారులు దీనిని ఫ్రాన్సు దేశమున చిత్రకళలోనికి తెచ్చిరి. చినిగిన చీరముక్కలను చేర్చి బొంత కుట్టిన మన అవ్వలకు మాత్రము ఈ విద్య క్రొత్తది గాదు. స్త్రీ తన రూపమును తానే చెప్పుకొనుటకు ఇది యెట్లు సాధనమైనదో చూతము.

ముందుగా మన సీమ సంగతి. మా చిల్పూరునుండి ఓరుగల్లు మీదుగా పాలంపేటకు పోయినచో రామప్ప దేవాలయము గలదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని కట్టించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. దాని చూరు క్రింద నల్లరాతి మదనికలు నిలిచియున్నవి. శిల్పి నైపుణ్యమునకు చేతులు జోడింపవలసినదే. నడుమింత, బాహువింత యని శిల్పశాస్త్రము తాళమానముతో ప్రమాణములు చెప్పినది. శిలామూర్తికి ప్రమాణము ఉండవలసినదే. కాని జీవించియున్న ఆడపిల్లను ఆ కొలబద్దతో కొలువరాదు.

ఆ గణపతిదేవుని కుమార్తెయే రుద్రమ. 1262 ప్రాంతమున రాజ్యభారము వహించి, 1289 వరకు ఏలినది. శాసనములలో ఆమెకు రుద్రదేవ మహారాజను పురుషనామము గలదు. గుడి చూరు క్రింద స్త్రీకి దేహమే సర్వస్వము. సింహాసనముపై స్త్రీయను పేరునే కప్పవలసి వచ్చెను. రెండు చోట్లను ఆమె యెట్లు కనబడవలెనో లోకమే నిర్ణయించినది.

పిమ్మట అచ్చుబొమ్మల కాలము వచ్చెను. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిన తరువాత లక్ష్మీ సరస్వతుల పటములు ఇంటింటికిని చేరినవి. దేవత యనినంతనే ఆ పచ్చని నిండు ముఖమే కన్నులకు కట్టసాగెను. అయితే కొందరు ఇల్లాండ్రు ఆ పటములను ఉన్నవి ఉన్నట్లుంచలేదు. దేవత చీరపై పట్టుగుడ్డ నతికిరి, జరీ కుట్టిరి, తళుకుబిళ్ళలు పొదిగిరి. వారిని చిత్రకారులని యెవ్వరును అనలేదు. వారి పేర్లును మిగులలేదు. అయినను ఒరులు వ్రాసిన స్త్రీరూపముపై స్త్రీ తన చేతిని ఉంచినది.

ఇంట భక్తితో జరిగిన యట్టి పనినే జర్మనీ దేశమున హన్నా హోక్ అను నామె ధిక్కారముతో చేసినది. ఆమె 1889లో జన్మించి 1978లో గతించినది. 1916 నుండి పదేండ్లు బెర్లిను నగరమున ఒక పత్రికాసంస్థలో స్త్రీల పత్రికలకు కుట్టుపని, అల్లికల నమూనాలు గీచినది. అట్టి పత్రికలలోని ముఖములనే కత్తిరించి అతికినది. 1920లో బెర్లినులో ప్రదర్శించిన ఆమె పెద్ద అతుకు బొమ్మ పేరులోనే వంటింటి కత్తి యున్నది. దాని యొక మూలను, స్త్రీలకు వోటుహక్కు గల దేశముల పటమును, ప్రక్కనే తన చిన్న ముఖమును అతికినది. జర్మనీ స్త్రీలు జాతీయ ఎన్నికలలో తొలిసారి వోటు వేసినది 1919లోనే గదా! మరియొక బొమ్మకు అందగత్తె యని పేరుపెట్టి, తలకు బదులు విద్యుద్దీపమును, చుట్టును మోటారు కంపెనీ చిహ్నములను అతికినది. అందము అమ్మకపు సరుకైనచో ఆడదానికి తల యక్కరలేదని ఆ యెత్తిపొడుపు.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనరాదు. 1975లో మన అంగళ్లకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అను ముఖలేపనము 2020లో తన పేరునుండి ఫెయిర్ అను మాటను తొలగించుకొన్నది. మాట తొలగినంతమాత్రమున పెండ్లిచూపులలో చామనచాయ పిల్ల తలవంచుకొనుట తొలగిపోలేదు. చదువులో ముందుండియు, నల్లగా నున్నానని వెనుకబల్ల చేరిన బాలికలకు నేను పాఠములు చెప్పియున్నాను. ఆ దిగులు వ్యాకరణముతో తీరునది గాదు.

కావున, పెద్దలారా! మీ మనుమరాలు పత్రికను కత్తిరించి బొమ్మ లతికించుచుండగా కాగితము పాడుచేయుచున్నదని గదమాయింపకుడు. ఈ ముఖమెవరిది, ఈ చేయి ఇచ్చట నేల పెట్టితివి తల్లీ, యని యడుగుడు. నోట చెప్పజాలని మాట ఆ యట్టపై దొరకవచ్చును.

మన బతుకమ్మను తలచుకొనుడు. ఆమెకు కనుముక్కుల తీరు లేదు, నడుము కొలత లేదు, మేనిచాయ యెంపిక లేదు. తంగేడు, రంగులద్దిన గునుగు వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, అమ్మా యని మ్రొక్కుచున్నాము. ఆ పేర్చిన చేతులు మన ఆడపడుచులవే. అమ్మకు అడుగని కొలతలు ఆడబిడ్డకు మాత్రము అడుగనేల?